అంగడిలో మార్గదర్శకుడు

అంగడిలో కొత్తగా చేరిన కుర్రవానికి పని ఎట్లు వచ్చును అని అడిగితే, వ్యాపార కుటుంబాలలో తరచు వినవచ్చే సమాధానము ఒక్కటే: “చూచి నేర్చుకొనును.” ఇందులో సత్యము లేకపోలేదు. త్రాసు పట్టిన చేతిని, చిట్టా వ్రాసే కలమును చూచియే ఎన్నో తరాల గుమాస్తాలు తయారైనారు. అయితే కుర్రవాడు చూచేది చూడుమన్నదానిని మాత్రమే కాదు. తూకము వేళ పెద్ద గుమాస్తా వ్రేలు త్రాసు పళ్ళెమునకు తగిలితే దానినీ చూచును. నోటితో చెప్పిన అచౌర్యము కంటె ఆ వ్రేలు నేర్పిన పాఠమే త్వరగా వంటబట్టును.

సరుకు నాణ్యమును, బాకీదారుని మనసును కనిపెట్టే కిటుకులు మాత్రము చూచినంతనే రావు, విప్పి చెప్పవలెను. అక్కడనే పెద్దలు వెనుకాడుదురు. నేర్పితే రేపు ఎదురుగా అంగడి పెట్టునని భయము. ఈ భయము వట్టి అపోహ అని కొట్టివేయుటకు వీలు లేదు. అట్లు పెట్టినవారు బజారులో కనబడుచునే ఉన్నారు. కాని ఏండ్ల తరబడి చాకిరీ చేయించుకొని విద్య దాచుకొనుటను ఏమనవలెను? పరిగ్రహము ధనధాన్యములకే చెల్లునా? నిర్ణీత వృత్తులలో శిక్షార్థులకు శిక్షణ ఇచ్చుట యజమాని బాధ్యత అని 1961 నాటి అప్రెంటిస్ చట్టము పేర్కొన్నది. చట్టము చేరని చిన్న అంగడిలో ఆ బాధ్యత మనస్సాక్షికే మిగిలినది. ఇక లాభము సంగతి. “ఇట్లెందుకు?” అని కుర్రవాడు అడిగినప్పుడు “ఎప్పుడూ ఇంతే” అనుట తప్ప జవాబు దొరకకపోతే, ఆ పద్ధతిని తిరిగి చూచుకొనుటకు యజమానికే అవకాశము.

మార్గదర్శకుడన్నవాడు తల నెరసినవాడై యుండవలెను, అతని మాట జవదాటరాదు అనేది మరొక అపోహ. వర్తకుడే మార్గదర్శకుడైన ఒక ప్రసిద్ధమైన సందర్భమును చూడవచ్చును. శ్రీమద్ రాజచంద్రులు బొంబాయిలో రత్నాల వర్తకులు. 1901లో, 33 ఏండ్ల ప్రాయముననే దేహము చాలించినారు. 1891లో ఇంగ్లండు నుండి తిరిగి వచ్చిన గాంధీజీకి ఆయన పరిచయమైనారు. వయస్సులో ఇంచుమించు రెండేండ్లే పెద్ద. లక్షల బేరము ముగిసిన మరుక్షణము ఆయన ధర్మగ్రంథమో, దినచర్య పుస్తకమో తెరచుకొనుట గాంధీజీ కళ్ళార చూచినారు. ఆయన ప్రభావము తన జీవితముపై గాఢమైనదని ఆత్మకథలో వ్రాసినారు. అయినను గురుస్థానము మాత్రము ఇవ్వలేదు. దీనివలన ఆ ఇద్దరిలో ఎవరికీ చిన్నతనము కలుగలేదు. తరువాత దక్షిణాఫ్రికాలో ధర్మసందేహములు చుట్టుముట్టగా గాంధీజీ ఆయనకు జాబు వ్రాసినారు. జైనులైన రాజచంద్రులు తమ మార్గమునకు రమ్మనలేదు. ఓపిక పట్టి హిందూ ధర్మమునే ఇంకను లోతుగా చదువుమన్నారు.

అంగడి పెద్దలకు ఇది కష్టమైన పాఠము. తన గద్దెకు అండగా తీర్చిదిద్దుకొన్న కుర్రవాడు వేరొక వ్యాపారమునకే తగినవాడని తెలిసినపుడు, ఆ మాట అతనికి చెప్పగల షావుకార్లు ఎందరు? చెప్పకుండ మరి పదేండ్లు నిలుపుకొనుట సులభము. జీతము కొంచెము పెంచితే చాలును.