అరచేతిలోని ఆనందము



మన విజయవాడలో కృష్ణ ఒడ్డున నిలిచి నీటిని చూచునప్పుడు నాకొక తలపు వచ్చుచుండును. ఈ నీరు మహాబలేశ్వరపు కొండలలో పుట్టినది. కన్నడదేశమున కూడలసంగమమువద్ద మలప్రభను కలుపుకొన్నది. శ్రీశైల మల్లికార్జునుని కొండ క్రిందుగా పారినది. ఇచ్చట బ్యారేజివద్ద నిలిచి, కాలువలలోనికి మరలి, దివిసీమ దాక చేలను తడుపుచున్నది. బసవేశ్వరుడు విద్య నేర్చినదియు, తుదకు లింగైక్యమందినదియు ఆ కూడలసంగమముననే. మన రైతు చేలో పారు నీరు బసవన్నయున్న చోటును తాకి వచ్చిన నీరే యనుకొనిన నా మనస్సు పులకించును.

నీరు మనవద్దకు వచ్చినది. బసవన్న మాట వచ్చినదా?

నేడు మన యిండ్లలో వినవచ్చు మాట ఒక్కటే. అది ర్యాంకు. హాస్టలులో తెల్లవారకముందే లేచిన బిడ్డ రాత్రి ప్రొద్దుపోవువరకు పుస్తకము మూయడు. ర్యాంకు వచ్చినచో సీటు, సీటు వచ్చినచో ఉద్యోగము, ఉద్యోగము వచ్చినచో అమెరికా, అమెరికా చేరినచో అచ్చట సొంత యిల్లు. ఒక మెట్టు ఎక్కగానే ఆనందము పై మెట్టునకు జరిగిపోవుచున్నది. మొదటివాడుగా నిలిచిన పిల్లవాని మొగమున వెలుగు ఎన్నాళ్లుండునో బడిపంతులనైన నేనెరుగుదును. తరువాతి పరీక్ష వరకే. ర్యాంకు రాలేదని ప్రాణమునే తీసికొన్న బిడ్డల వార్తలను మనమందరము చదివితిమి. ఆ బిడ్డకు మనము అన్నియు ఇచ్చితిమి. లోపల నిలుచుటకు చారెడు చోటు మాత్రము చూపలేదు.

పరుల మాట యేల? నా సంగతియే చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట నాకు రావలసినదని నేననుకొన్న పదోన్నతి నాకంటె చిన్నవానికి వచ్చినది. ప్రతిదినము ఉదయముననే స్నానముచేసి, విభూతి ధరించి, ఇష్టలింగమును అరచేత నుంచుకొని కూర్చుండువాడను. చేతిలో లింగము, మనస్సులో జాబితా! ఎవరు ఎవరిని కలిసిరి, ఎవరు ఎవరికి చెప్పిరి అను లెక్కయే నా జపమైనది. ఒకనాడు పూజ ముగించి లేచుచుండగా, మూలన కూర్చున్న మా అమ్మ మెల్లగా అన్నది: “ఒరే నాయనా, ఈ పూట నీవు లింగాన్ని చూడలేదురా. లింగమే నిన్ను చూచింది.”

ఆమె అక్షరము ముక్క చదువుకొన్నది కాదు. పండిత శిక్షణ పొందిన నాకు ఆ వాక్యమునకు వ్యాఖ్యానము చెప్పుకొనుటకు పెక్కు మాసములు పట్టినది.

బసవేశ్వరుడు పదవి నెరుగనివాడు కాడు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున బిజ్జలుని కొలువులో భాండాగారమును చూచిన అధికారి. సంపద నడుమనే యుండెను. దానిని దాసోహమునకు వినియోగించెను గాని, అదియే తన యానందమనుకొనలేదు. కనుకనే కల్యాణమును విడిచి కూడలసంగమమునకు మరలినప్పుడు ఆయన పోగొట్టుకొన్నది లేదు.

మన ఆంధ్రదేశపు మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రము చూడుడు. బసవని కన్నులార చూడవలెనని ఆయన కల్యాణమునకు బయలుదేరెననియు, దారిలోనే బసవడు లింగైక్యమందిన వార్త వినెననియు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున చెప్పెను. అంత పెద్ద కోరిక తీరలేదు. అయినను ఆ మహనీయుడు శివుని నిందించుచు కూర్చుండలేదు, శ్రీశైలమార్గము పట్టెను. వెలుపల దొరకనిది లోపల దొరకునని నమ్మినవాని నడక అట్లుండును.

లోపల దొరకుట యెట్లు? మన పెద్దలు సులభమైన సాధనమునే చేతిలో పెట్టిరి. ఎడమ అరచేత లింగమునుంచి, వెన్ను నిలిపి, అరమోడ్పు కన్నులతో దానినే చూచుచు పంచాక్షరిని స్మరింపవలెను. మనస్సు పరుగెత్తును. పరుగెత్తనిండు. త్రాడు తెంచుకొన్న దూడను రైతు కొట్టక, తిట్టక, మరల గుంజకు కట్టినట్లు తెచ్చి నిలుపవలెను. నూరుసార్లు పోయినచో నూరుసార్లు తేవలెను. ఆ తెచ్చుటయే సాధన. కంటికి కనబడు ఇష్టలింగము క్రమముగా ఊపిరిలో ప్రాణలింగమై, తలపులో భావలింగమై నిలుచును.

1832-33 నాటి నందన కరవును తలచుకొనుడు. గుంటూరు సీమలో జనులు ఆకలితో మలమలమాడి మరణించిరి. కృష్ణానది యున్నది గాని, దాని నీరు చేలకెక్కు దారి లేదు. 1855 నాటికి ఆనకట్ట పూర్తియైన పిదప గదా ఈ సీమ అన్నపూర్ణయైనది! ఆ పాత ఆనకట్ట తెగిన తరువాత 1957లో నేటి ప్రకాశం బ్యారేజి నిలిచినది. కట్ట నీటిని పుట్టింపదు. ఉన్న నీటిని నిలిపి చేలకు మరల్చును. ధ్యానమును ఆనందమును పుట్టింపదు. మనలోనున్నది సముద్రము పాలు కాకుండ నిలుపును.

అట్లయిన పని మాని కన్నులు మూసికొని కూర్చుండవలెనా? కాదు. కాయకమును పూజతో సమానముగా నిలిపిన మార్గము మనది. నిలిచిన నీరు కాలువలలో పారనిచో కట్ట వ్యర్థము. ధ్యానమున దొరకిన శాంతి కాయకమున పారవలెను, దాసోహమున పండవలెను. బిడ్డ చదువవలెను, పరీక్ష వ్రాయవలెను. ఫలితముమీదనే ప్రాణము నిలుపుకొనరాదు.

నాకు పదోన్నతి ఈనాటికిని రాలేదు. కాని ఒకనాడు ఆ చిన్నవాడే నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, ఈ లేఖలో తప్పులు దిద్దిపెట్టండి” అని అడిగెను. దిద్ది యిచ్చితిని. అతడు వెడలిన తరువాత గాని, నాలో ముల్లు లేదని నాకు తెలియలేదు. ఆ సాయంకాలము కలిగిన తేలికదనము ఏ ఉత్తరువును ఇయ్యజాలదు.

నారాయణపుర ఆనకట్ట కట్టిన పిమ్మట కూడలసంగమమున జలాశయపు నీరు బసవన్న ఐక్యస్థలము చుట్టును చేరినది. నడుమ బావివంటి కట్టడము కట్టి ఐక్యలింగమును కాపాడిరి. చుట్టును అంత నీరు, లోన నిశ్చలముగా లింగము! సంసారమున మనముండవలసిన తీరు అదియే.

రేపటినుండి ప్రతి యింట పావుగంట యైనను తల్లిదండ్రులు, బిడ్డలు కలిసి కూర్చుండుడు. చదువు పుస్తకము తరువాత తెరువవచ్చును. బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు ర్యాంకెంతయని అడుగకమునుపు అన్నము తింటివా యని అడుగుడు. అరచేతిలోనున్నదానిని మరచి దూరదేశముల వెదకకుడు.

శరణు శరణార్థి.