బిడ్డ తరఫున అడుగువారు

పొరుగింటి బిడ్డను బడి మాన్పించి పనికి కుదిర్చినయెడల, "తండ్రికి లేని చింత మనకేల?" అని మనము ఊరకుందుము. ఇది మర్యాదయా, పిరికితనమా?

2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము జిల్లాకొక బాలల సంక్షేమ సమితి ఉండవలెను: అధ్యక్షులొకరు, సభ్యులు నలుగురు, వారిలో ఒక స్త్రీయైనను. వీరు బిడ్డలను ఇంటినుండి లాగుకొనిపోవుదురని మన పల్లెలలో భయము. అది అపోహ, వీలైనంతవరకు ఇంటికే చేర్చవలెనని చట్టము. బాలల గృహములో ఉంచిన బిడ్డలనైనను వదలివేయరాదు. నెలకు రెండుసార్లైనను వెళ్లి చూడవలెను. మొర్దెకై ఎస్తేరు క్షేమమును ప్రతిదినము విచారించెడివాడు. అతడును రాజు గుమ్మమునొద్ద కొలువున్నవాడే గదా!

బిడ్డ మాట వినుటయు సమితివారి విధియే. మనమో, తండ్రినే అడుగుదుము. అయితే వారికి మన వీధి కనబడదు. 1098కు ఫోను చేయవలసినది ప్రక్కింటివారే.