దానమా, శాంపిలా?

అక్షయ తదియ వస్తోంది. బంగారు కొట్ల ప్రకటనలతో పేజీలు నిండి ఈ శీర్షికకు చోటు తగ్గింది. అందుకని సూటిగానే చెబుతాను: అక్షయ తదియ కొనుక్కునే రోజు కాదు, ఇచ్చే రోజు. నీళ్ల కుండ, గొడుగు, విసనకర్ర, పెరుగన్నం. వైశాఖపు ఎండలో గుమ్మం ముందు నిలబడ్డవాడికి ఏవి అక్కరకొస్తాయో పెద్దలు అవే ఎంచి పెట్టారు.

ఇచ్చేవాళ్లు లేరనను. చలివేంద్రాలు వెలుస్తూనే ఉన్నాయి, కాకపోతే కుండ కన్నా ఫ్లెక్సీ పెద్దది. మజ్జిగ కోసం చెయ్యి చాచిన ముసలమ్మను "ఇటు చూడు మామ్మా" అంటారు. ఫొటో పడేదాకా గ్లాసు వదలరు. బలి ధారపోస్తుంటే అడ్డుపడి శుక్రాచార్యుడు కన్ను పోగొట్టుకున్నాడు. ఇప్పుడు దాతే తన ధారకు అడ్డం.

మే 1న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జయంతి. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. ప్రచారం విలువ తెలియని మనిషి కాదు. సంగీత సభల్లో ఆ మందు ఊరికే పంచిపెట్టేవారని చెబుతారు. అది వ్యాపారం. దాన్ని దానమని ఎవరూ అనరు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు ఎటు పోయిందో చూడండి: 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల. బసవపురాణం వంటి గ్రంథాలు అందుబాటు ధరకు తెలుగిళ్లలోకి వచ్చాయి. గ్రంథాలయాలకిచ్చారు, ఉద్యమానికిచ్చారు, అడిగినవారికిచ్చారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి అక్కడ గీతకు వ్యాఖ్య రాశారు.

ఆ గీతలోనే, పదిహేడో అధ్యాయంలో, దానం సంగతి తేల్చేశారు. తిరిగి ఏమీ చెయ్యలేనివాడికి ఇచ్చింది సాత్త్వికం, ఫలం ఆశించి ఇచ్చింది రాజసం. లైకు కూడా ఫలమే!

నలుగురు చూస్తేనే కదండీ నలుగురూ ఇచ్చేది, అంటారు. కొంత నిజమే. పంతులుగారి పేరూ మరుగున పడలేదు, మద్రాసు లజ్‌లో పార్కుకు ఉంది. అయితే అది ఆయన పోయాక ఊరు పెట్టుకున్న పేరు. పంతులుగారు పంచిన శాంపిలుకూ చేసిన దానానికీ మధ్య గీత ఉంది. మనం ఆ గీత చెరిపేశాం. శాంపిలు ఇచ్చి పుణ్యం రాయించుకుంటున్నాం.

ఈ తదియకు గేటు బయట ఒక కుండెడు నీళ్లు పెట్టండి, మూత వెయ్యండి, గ్లాసు కడిగి ఉంచండి. ఫొటో మాత్రం మా ఆఫీసుకు పంపకండి.