రెక్క మూయక ముందు

ప్రియ చదువరీ, నీ చేతిపనిలో ఒక తప్పు ఉన్నదనుకొనుము. అది ఎవరికిని కనబడదు. బహుశః ఎన్నటికిని ఎవరికిని హాని చేయదు. దానిని సరిచేయవలెనా? పని అంతయు బాగుగనే ఉన్నది, చూచినవారందరు మెచ్చుకొనుచున్నారు, ఈ ఒక్కదాని కొరకు మరల విప్పుట ఎందుకు అని మనస్సు పలుకును. ఈ ప్రశ్న ప్రతి మనుష్యుని యొద్దకును ఏదో ఒక దినమున వచ్చును. దీనిని విశదపరచుటకు ఒక దూరదేశపు దృష్టాంతమును నీ ముందుంచుచున్నాను. అమెరికా దేశములో అనేకులు ఉద్యోగము చేయగా మిగిలిన వేళలలో, తమ ఇంటి కారుషెడ్డులలో, తాము ఎక్కి ఎగురుటకు తామే విమానములు కట్టుకొనుచున్నారు.

ఇది ఆటబొమ్మల సంగతి కాదు. ఇద్దరు గాని నలుగురు గాని కూర్చుండి వందల మైళ్లు పోగల నిజమైన విమానముల సంగతి. 1953లో పాల్ పొబరెజ్నీ అను ఆయన విస్కాన్సిన్ రాష్ట్రములో ఇట్టివారి కొరకు ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించెను. 1970 నుండి వారి వార్షిక కూటము ఆ రాష్ట్రములోని ఆష్‌కాష్ పట్టణములో జరుగుచున్నది.

ఆలోచించినయెడల విమానమే ఇట్లు పుట్టినది. రైటు సోదరులు సైకిళ్ల వ్యాపారముతో జీవనము చేసికొనుచు, దాని నుండి మిగుల్చుకొనిన కాలముతోను ధనముతోను మొదటి విమానమును కట్టిరి. వారి తండ్రి మిల్టన్ రైటు ఒక క్రైస్తవ సంఘమునకు బిషప్పు. 1903 డిసెంబరు 13న గాలి అనుకూలముగా ఉన్నను, అది ఆదివారమైనందున ఆ కుమారులు ఎగురుటకు ప్రయత్నింపలేదు. ఆ నెల 17న పండ్రెండు సెకండ్లలో 120 అడుగులు ఎగిరిరి. నాలుగు దినములు ఆలస్యమైనందున వారికి కలిగిన నష్టమేమి?

నేటి కట్టువారికి కంపెనీలు కిట్టు అమ్మును. కోసిన అల్యూమినియం రేకులు, ఎముకలవలె లోపల నిలుచు పట్టీలు, పటములు, పని విధానము తెలుపు పుస్తకము పెట్టెలలో వచ్చును. అయితే అక్కడి చట్టము ఒక నియమమును విధించినది. ఇట్టి విమానపు పనిలో సగముకంటె ఎక్కువ, దానిని తమ జ్ఞానాభివృద్ధి కొరకో వినోదము కొరకో చేపట్టినవారే చేసి ఉండవలెను. కనుకనే జనులు దీనిని 51 శాతపు నియమమని పిలిచెదరు. సామాన్యమైన లోహపు కిట్టుకు రెండువేల గంటల పని పట్టుట సాధారణము. వారమునకు పది గంటలు దొరికినను అది నాలుగు సంవత్సరములు. సగములో విడువబడి, ధూళి పట్టి, కడకు అమ్మబడిన కిట్టులు అనేకములు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని మన ప్రభువు చెప్పిన మాట ఆ షెడ్డులలో ప్రతిదినము రుజువగుచున్నది.

ఇప్పుడు నాతో ఆ షెడ్డులోనికి రమ్ము. బల్లమీద ఒక రెక్క ఉన్నది. రేకును లోపలి పట్టీలకు బిగించుటకు వేలకొలది రివెట్లు కొట్టవలెను. ప్రతి రంధ్రమును తొలిచి, దాని అంచున లేచిన గరుకును తీసివేయవలెను. ఏలయనగా అక్కడ మిగిలిన చిన్న గీటునుండియే, సంవత్సరముల తరబడి ఊగిసలాటవలన, చీలిక ఆరంభమగును. తరువాత ఒకరు బయటినుండి గాలితో నడచు సుత్తిని రివెట్టు తలమీద ఉంచెదరు. మరియొకరు లోపలికి చేయి చాచి తోకవైపున ఇనుప దిమ్మను ఆనించెదరు. తరచుగా ఆ రెండవవారు ఇంటి ఇల్లాలే. ఒకరి ముఖము ఒకరికి కనబడదు. మాటతోనే పని సాగును. అణగిన తోక రివెట్టు మందముకంటె ఒకటిన్నర రెట్లు వెడల్పును, ఆ మందములో సగము ఎత్తును ఉండవలెనని కొలత. దానిని చూచుటకు చిన్న కొలపలక కలదు.

కడపటి రేకు బిగించి రెక్కను మూసివేయు దినము వచ్చును. అది సంతోషదినము. అదియే శోధన దినము కూడ. రాత్రి పదకొండు గంటలైనది, దేహము అలసినది, రేపు ఉద్యోగమునకు పోవలెను. మూల పట్టీలో ఒక రివెట్టు వంకరగా పడినట్లు చేతికి తగులుచున్నది. ఈ రేకు మూసినయెడల దానిని ఇక ఎవడును చూడడు. బయటినుండి చూచువానికి ఆ రెక్క అద్దమువలె మెరయును. ఇసుకమీద కట్టిన ఇల్లును బండమీద కట్టిన ఇల్లును వరద వచ్చువరకు ఒక్కరీతిగనే కనబడినవి గదా!

పరీక్షాధికారి లేడా అని నీవు అడుగుదువేమో. ఉన్నాడు. పని ముగిసిన పిమ్మట ప్రభుత్వము నియమించినవాడు వచ్చి చూచును. అయితే మూసిన రెక్కలోపల మూలమూలను అతడు చూడజాలడు. కట్టినవాడు దినదినము వ్రాసికొనిన పుస్తకమును, తీసిన ఛాయాచిత్రములను చూచును. ఆ పుస్తకమును వ్రాసినదెవడు? కట్టినవాడే. అంతే కాదు. కట్టినవాడు కోరినయెడల ఆ ఒక్క విమానమునకు మరమ్మతుదారుడుగా అధికారపత్రము పొందవచ్చును. అటుపిమ్మట ఏటేట దానిని పరీక్షించి, బాగుగ ఉన్నదని చేవ్రాలు చేయువాడు కూడ తానే. తన పనికి తానే న్యాయాధిపతి! పౌలు గలతీయ సంఘమునకు వ్రాయుచు, ప్రతివాడు తన పనిని తానే పరీక్షించుకొనవలెనని హెచ్చరించెను. ఆ హెచ్చరిక ఇంత అక్షరార్థముగా నెరవేరు చోటు మరియొకటి అరుదు.

అట్లయిన ఉత్తరము సులభమే, అనుమానము కలిగిన ప్రతి రివెట్టును తీసివేయవలెను అందువా? ఆగుము. ఈ పని ఇక్కడనే మనకు లోతైన పాఠము నేర్పుచున్నది. రివెట్టును తీయుటకు దానిని మరల తొలవవలెను. చేయి కొంచెము చలించినను రంధ్రము పెద్దదగును, పట్టీ గాయపడును. అందుచేత అనుభవజ్ఞులు క్రొత్తవారికి చెప్పునదేమనగా, కొంచెము అందము తప్పిన రివెట్టును విడిచిపెట్టుటయే తరచుగా మేలు. తీయబోయి మంచి లోహమును పాడుచేయుట కీడు. ఏది అందము తప్పినది, ఏది బలము తప్పినది? దీనిని చేతికి తోచినట్లు నిర్ణయింపరాదు. అలసినవానికి అన్నియు బాగుగనే తోచును. భయపడినవానికి అన్నియు చెడినట్లే తోచును. కొలపలకను ఆనించి చూడవలెను.

మన అంతరంగమును ఇట్టిదే. కొందరు మనస్సాక్షిని నిద్రపుచ్చి రేకు మూసివేయుదురు. మరికొందరు భక్తిగలవారై ఉండియు, ఎప్పుడో క్షమింపబడిన పాపమును దినదినము త్రవ్వుకొని తమ ఆత్మను గాయపరచుకొనుచుందురు. మొదటివారికి వెలుగు కావలెను, రెండవవారికి ఆదరణ కావలెను. ఇద్దరికిని కావలసిన కొలపలక ఒక్కటే, దేవుని వాక్యము. అది మొదటివాని కపటమును బయలుపరచును. మన హృదయము మనమీద దోషారోపణ చేసినప్పుడు దేవుడు మన హృదయముకంటె గొప్పవాడని రెండవవానిని ఊరడించును.

అయినను కొలపలకను పట్టుకొన్న చేయి మనదే గనుక మోసపోవచ్చును. అందుకు ఆ సంఘమువారు మంచి యేర్పాటు చేసికొనిరి. అనుభవముగల సభ్యులు జీతము లేక ఒకరి షెడ్డుకు ఒకరు పోయి, మూయక ముందే పనిని చూచి సలహా చెప్పెదరు. వారు అధికారులు కారు, శిక్షింపరు. దీపము పట్టి చూచి, ఇది చాలును, అది చాలదు అని చెప్పెదరు. పాపములను ఒకరితో ఒకరు ఒప్పుకొనుడని యాకోబు బోధించినది ఇందుకే గదా! మన సంఘములలో ఆదివారము తెల్లని వస్త్రములు కట్టుకొని కూడుకొందుము. రెక్క మెరయుచున్నదని ఒకరినొకరు పొగడుకొందుము. కాని మూయక ముందు దీపము పట్టి చూపుమని పిలుచుకొనదగిన సహోదరుడు నీకు ఒక్కడైన ఉన్నాడా?

మూసిన తరువాత తెలిసిన లోపము మాటేమి? 2023లో ఒక పేరుపొందిన కిట్టు కంపెనీ, లేసరు కిరణముతో రంధ్రములు కోసిన తన భాగములు కొన్నిటిలో సన్నని చీలికలు కలుగుచున్నవని బహిరంగముగా తెలుపవలసివచ్చెను. అట్టి భాగములను అప్పటికే బిగించినవారు ఎంత వేదనపడి ఉందురో ఊహించుము. అది వారి దోషము కాదు. అయినను విప్పవలెనా, నిలుపవలెనా అను భారము వారిమీదనే పడినది. మనకును ఇట్లే జరుగును. తండ్రుల వలన గాని లోకము వలన గాని వచ్చిన లోపము మన కట్టడములో చేరియుండును. నేను చేసినది కాదనుట నిజమే కావచ్చును. దానితో ఎగురబోవువాడను నేనే అనుటయు నిజమే.

తుదకు ఆ విమానము నేలను విడుచు దినము వచ్చును. మొదటి ఇరువదియైదు గాని నలువది గాని గంటలు ప్రయాణికుని ఎక్కించుకొనరాదని నియమము. ఇతరుని ప్రాణమును అడుగక ముందు కట్టినవాడు తన ప్రాణమునే పెట్టవలెను. ఉపదేశకులు, తలిదండ్రులు ఈ నియమమును తమ గోడమీద వ్రాసికొనదగును. తాను మోయని భారమును ఇతరుల భుజములమీద పెట్టువారిని ప్రభువు కఠినముగా గద్దించెను.

ఆ గంటలు గడచిన తరువాతను, ఇది ఔత్సాహికులు కట్టినదనియు, సామాన్య విమానములకు ఏర్పరచిన రక్షణ నియమములకు లోబడినది కాదనియు లోపల ప్రయాణికునికి కనబడునట్లు ఒక ఫలకమును ఉంచవలెను. అయినను చిన్న కుమార్తె ఆ ఫలకమును చదివి ఎక్కునా? నాన్న కట్టినాడని ఎక్కును. 1910 మే 25న ఎనుబదియొక్క యేండ్ల మిల్టన్ రైటు తన కుమారుడైన ఆర్విల్ నడుపగా మొట్టమొదటిసారి ఆకాశమున కెగసెను. ఆ వృద్ధుడు యంత్రమును పరీక్షించి ఎక్కెనా, కుమారుని నమ్మి ఎక్కెనా?

చదువరీ, మొదట అడిగిన ప్రశ్నకు ఇదియే ఉత్తరము. కనబడని తప్పు ఎవరికిని సంబంధింపనిది కాదు. అది, చూడకయే మనలను నమ్మి ఎక్కువారికి సంబంధించినది. నీ మాట నమ్మిన భార్య, నీ లెక్క నమ్మిన యజమాని, నీ ప్రార్థన నమ్మిన బిడ్డ నీ రెక్క లోపల చూడలేదు. ఒకడు చూచుచున్నాడు. ప్రతివాని పని యెట్టిదో అగ్ని పరీక్షించు దినము కలదు. అయితే ఆయన భయపెట్టుటకు మాత్రమే చూచువాడు కాడు. మూయక ముందు ఆయనను పిలిచినయెడల దీపము పట్టుకొని మన ప్రక్కను నిలుచును.

ఈ రాత్రి నీవు ఏదైన మూయబోవుచున్నావా? ఒక లెక్కను, ఒక తగవును, ఒక ఉత్తరమును, ఒక దినమును? అలసితివని తొందరపడకుము. రేకును ప్రక్కనుంచి, దేవా, నన్ను పరిశోధించుమని ఆ కీర్తనకారునితో కూడ మోకరించుము. తీయవలసినది ఆయన చూపినయెడల తీయుము. చాలునని చెప్పినయెడల సమాధానముతో మూసి నిద్రించుము. ఆమేన్.