దివి ఆడపడుచులు వద్దని ఉంటే?

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, సముద్రం దాకా చుట్టుకుపోయిన నేల దివిసీమ. 13వ శతాబ్దం తొలి ఏళ్లలో, అయ్యవంశపు రాజులు ఏలుతున్న ఈ గడ్డ మీదికి ఓరుగల్లు నుంచి కాకతి గణపతిదేవుడి సేన వచ్చింది. దివి ఓడింది. అయినా గణపతి ఆ వంశాన్ని తుడిచిపెట్టలేదు. ఆ వంశపు పినచోడి కూతుళ్లు నారమ్మనూ పేరమ్మనూ పెళ్లాడాడు. వాళ్ల తోబుట్టువు జాయపను కొలువులో చేర్చుకుని ఏనుగుల దళం అప్పగించాడు. వైరం వియ్యమైంది.

నాగాయలంక వైపు గణపేశ్వరంలో 1231లో జాయప వేయించిన శాసనం ఈ సంగతి చెబుతుంది. అక్కడ శివుడికి ఆయన పెట్టిన పేరు బావగారిది. అంతకుముందు చేబ్రోలులో కట్టించిన గుడి చోడేశ్వరం, అది నాన్న పేరు. నారమ్మ, పేరమ్మలకు శాసనంలో దక్కినవి పేర్లూ, అందగత్తెలన్న పొగడ్తా. ఈ జాయపే 1253-54 నాటికి ‘నృత్తరత్నావళి’ అనే నాట్యగ్రంథం రాశాడు. నాలుగు అధ్యాయాల్లో శాస్త్ర సంప్రదాయమైన మార్గం, నాలుగింట ప్రాంతీయ రీతులైన దేశి. చూపు ఎటు తిరగాలో, పాదం ఎలా పడాలో విడమరిచి చెప్పాడు. కదలికను అంత నిశితంగా చూసిన కన్ను, పుట్టింటి నుంచి ఓరుగల్లుకు కదిలిన అక్కచెల్లెళ్ల ముఖాల్లో ఏం చూసిందో?

జాలిపడటం తేలిక. కానీ ఆ జాలిని నేను అనుమానిస్తాను. వాళ్లు ఏడుస్తూనే వెళ్లారని ఎవరు చెప్పగలరు? పెద్ద రాజ్యపు రాణివాసం వాళ్లకు నచ్చి ఉండొచ్చు. ఊరు తగలబడకుండా ఆపామన్న గర్వమూ ఉండొచ్చు. మన కోపాన్ని వాళ్ల నోట పెట్టడం కూడా వాళ్లను మరోసారి మాట్లాడనివ్వకపోవడమే. కాబట్టి సుఖపడ్డారా, దుఃఖపడ్డారా అన్నది వదిలేద్దాం. వద్దనే వీలు వాళ్లకు ఉందా? అడగవలసింది ఇది.

ఐరోపాలోని ఫ్రాంకుల దేశంలో ఈ ప్రశ్నకు ఒక జవాబు దొరుకుతుంది. 531లో తురింగియాను గెలిచిన క్లోథార్ రాజు, అక్కడి రాకుమారి, చిన్నపిల్ల రాడెగుండ్‌ను చెరపట్టి తెచ్చి, పెంచి, తర్వాత పెళ్లి చేసుకున్నాడు. ఆమె సోదరుణ్ణి అతడే చంపించాక ఆమె కోట వదిలి సన్యాసం పుచ్చుకుంది. పువాతియేలో కన్యాశ్రమం స్థాపించి, 587లో చనిపోయేదాకా అక్కడే ఉంది. ఆమె ‘వద్దు’కు బలమిచ్చింది మతం. మగవాడి అధికారాన్ని కాదనడానికి అంతకన్నా పెద్ద అధికారం చాటుకు చేరాల్సి వచ్చింది. దాన్ని స్వేచ్ఛ అందామా?

గణపతి ఆడపిల్లలను తెచ్చుకున్నట్టే ఇచ్చాడు కూడా. తన కూతుళ్లలో గణపాంబను ధరణికోటలో కోట బేతరాజుకూ, రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికీ ఇచ్చాడు. భర్త పోయాక గణపాంబ ఆ సీమను ఏలింది. 1262 నుంచి రుద్రమ ఏకంగా కాకతీయ సింహాసనమే ఎక్కింది, అయితే రుద్రదేవ మహారాజనే మగపేరుతో. పాలించే సత్తా ఆడదానిలో ఉందని ఆ తండ్రికి తెలుసు. లోకం ఒప్పుకోదనీ తెలుసు. అందుకే కూతురికి రాజ్యమిచ్చి, పేరు మార్చాడు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లవి. అయినా ‘సర్పంచిగారి భర్త’ కుర్చీలో కూర్చుంటే ఎవరికీ వింతగా అనిపించని ఊళ్లున్నాయి. రుద్రమ నాడు పెత్తనం ఆమెది, పేరు మగవాడిది. ఇక్కడ పేరు ఆమెది, పెత్తనం మగవాడిది. ఏడువందల ఏళ్లలో మనం నేర్చింది ఈ తారుమారేనా?

దివి పెళ్లిళ్ల వల్ల మేలు జరగలేదనను. యుద్ధం ఆగింది, కవచం తొడిగిన చేత్తో జాయప నాట్యశాస్త్రమూ రాశాడు. శాంతి విలువైనదే. కానీ దాని ఖరీదు ఎవరు చెల్లించారో లెక్కలో రాయకపోతే ఆ మేలు సగం అబద్ధం. త్యాగం అనే మాట, కాదనగలిగీ ఒప్పుకున్నవాళ్లకే చెల్లుతుంది. కాదనే దారి లేనివాళ్ల విషయంలో అది తీసుకున్నవాళ్లు తమకు తాము చెప్పుకునే ఊరట. పెళ్లిచూపుల్లోనైనా, పంచాయతీ తీర్మానంలోనైనా ఆమె ఒప్పుకుందా అని అడిగి ఊరుకుంటే చాలదు. ఒప్పుకోకపోతే ఏమయ్యేదో కూడా అడగాలి. దానికి నిర్భయంగా జవాబు చెప్పగలిగిన ఇంట్లోనే ఆమె ‘సరే’కు అర్థం ఉంటుంది.