గోటి సొగసు: వెల యెంత, విలువ యెంత?

నేడు నగరములలోని అంగళ్లలో గోటిరంగు సీసా నూరు రూపాయలకు లోపుననే లభించును. పేరుమోసిన విదేశీ సీసా రెండువేల రూపాయలు దాటును. పూయవలసిన గోరు మాత్రమొక్కటే. ఈ అంతరము దేనికి చెల్లించునట్టిదో విచారింపక కొనుటయు, విచారింపక నిందించుటయు సమానమైన తొందరపాటే.

ముందుగా గోటి స్వభావము నెరుగవలెను. కంటికి కనిపించు గోరు కెరటిన్ అను పదార్థముతో నేర్పడిన నిర్జీవమైన పలక. అది పుట్టు చోటు చర్మపు మడత క్రింద నుండును. రక్తము పోషించునది ఆ చోటునే. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. మొదటినుండి కొనవరకు క్రొత్తగోరు వచ్చుటకు ఆరునెలలు పట్టును. కావున పైన రాచిన ద్రవము గోటిని పోషించునను ప్రకటన వట్టిమాట. పైపూత తేమను నిలుపగలదు. ఆ పనిని కొబ్బరినూనెయో, వాజిలైనో చవకగానే చేయును. గోళ్లు గట్టిపడుటకని అమ్ము కొన్ని ద్రవములలోని ఫార్మాల్డిహైడు గోటిని మొదట బిగించి, వాడగా వాడగా పెళుసుబార్చును.

రంగు సంగతియు నిట్టిదే. చవక సీసాలోను, ప్రియమైన సీసాలోను సాధారణముగా నుండునవి నైట్రోసెల్యులోజు, దానిని కరగించు ద్రావకములు. కుంచె మెత్తదనమునందు, రంగు నిలుకడయందు కొంత భేదముండవచ్చును. ఇరువది రెట్ల వెలకు తగిన భేదముండదు. మిగిలినది పేరునకు చెల్లించు కప్పము. పోనీ, వెల హెచ్చినచో క్షేమమైనను హెచ్చునా? అతినీలలోహిత దీపము క్రింద గట్టిపరచు జెల్ పూతలలో వాడుచుండిన టి.పి.ఓ. అను రసాయనమును ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరులో నిషేధించినది. ఆ పూత చవక బేరము కాదు.

ఇంతవరకు లెక్క సులభమే. చిక్కు గృహములో కలదు. కోడలి సీసా వెల నడుగు అత్తగారు కుమారుని సిగరెట్టు పెట్టె వెల నడుగుట అరుదు. ఆషాఢములో గోరింటాకు పెట్టుకొని మురిసిన చేతులే గోటిరంగును చూచి ముఖము చిట్లించును. రెండును అలంకారములే గదా! ఇష్టలింగము నుంచుకొను కరతలమునకు శుచి కావలెను. పెంచిన గోళ్ల క్రింద మురికి చేరకుండ చూచుకొనుట స్త్రీకెంతయో పురుషునకు నంతే. ఒకరి వ్యయమును మాత్రమే తూచు త్రాసు ధర్మపు త్రాసు కానేరదు.

అయితే తాను సంపాదించిన ధనమే గదా యను సమాధానము కూడ చాలదు. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు కాయకముతో దాసోహమును జోడించెను. న్యాయముగా నార్జించిన ధనమునందును ఇతరులకు పాలు కలదనుట దాని భావము. పనిమనిషి జీతము పదిదినములు వాయిదావేసి అదే వారమున రెండువేల సీసా కొన్న ఇంట, ఆ సీసా వెల రెండువేలు మాత్రమే కాదు. సౌందర్యశాలలో పరుల గోళ్లు దిద్దు యువతిదియు కాయకమే. గాలియాడని గదిలో ఆమె దినమంతయు ఎసిటోను ఘాటు పీల్చును. అచ్చట చెల్లించిన హెచ్చువెల ఆమె జీతమునకో, ఒక కిటికీకో చేరినచో దానిని వృథా యనరాదు. పేరున్న దుకాణమైనంత మాత్రమున అట్లు చేరునని నమ్ముటకు లేదు. అడిగి తెలిసికొనుట కొనువారి వంతు.

మరియొక సంగతి కలదు. చెంచావలె గుంటపడిన గోరు దేహమున ఇనుము కొరవడినదనుటకు గుర్తు కావచ్చును. రంగు మారి, మందమై, పొడిగా రాలు గోరు బూజుతెగులుకు లోనై యుండవచ్చును. వీనిపై పూసిన రంగు, ఎంత ప్రియమైనదైనను, గుర్తును కప్పును గాని రోగమును మాన్పదు. చెంచావంటి గోళ్లుగల స్త్రీకి ముందు కావలసినది రక్తపరీక్ష. గర్భిణులకు ప్రభుత్వ వైద్యశాలలలో ఇనుపధాతువు మాత్రలు ఉచితముగనే ఇచ్చుచున్నారు.