మృతునియెడల మన విధి

చావుతో పగ తీరునని మన యిండ్లలో వాడుక. కాని ఆచారమును కాలదన్ని చచ్చినవానికి నిప్పు పెట్టవలసివచ్చినపుడు ఈ మాట యెంతవరకు నిలుచును? ఈ ప్రశ్నను వెండితెరమీదికి తెచ్చినవారు మన నెల్లూరువారే. 1919లో జన్మించిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డిగారు 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ ప్రకటించి ఛందస్సును ధిక్కరించిన కవి. తెలుగు చిత్రముల నిర్మాణమున కొంతకాలము గడపి, 1970లో అనంతమూర్తిగారి కన్నడ నవల ‘సంస్కార’ను చిత్రముగా తీసిరి. అది తెలుగున రాలేదుగదా యని మాకు కించిత్తు అసూయ కలుగకపోలేదు.

అగ్రహారమున నారణప్ప మరణించెను. అతడు మద్యమాంసములు సేవించినవాడు. చంద్రి యను నిమ్నకులపు స్త్రీని ఇంట నుంచుకొన్నవాడు. అయినను అతనిని వెలివేయలేదు. కావున బ్రాహ్మణుడే దహనము చేయవలెను. ఎవడు చేయును? శవము లేచువరకు ఎవరికిని అన్నము లేదు. చంద్రి తన నగలు తెచ్చి ముందుంచగా, అంతవరకు వెనుకాడినవారే ముందునకు వచ్చిరి. ప్రాణేశాచార్యులు గ్రంథములన్నియు తిరుగవేసిరి, సమాధానము దొరకలేదు. తుదకు రాత్రివేళ ఒక ముస్లిము సాయముతో చంద్రియే దహనము జరిపించెను.

పండితునకు తోచనిది ఆమెకెట్లు తోచెను? ఇతడు అర్హుడా యని ఆమె అడుగలేదు; అగ్రహారము అడిగినది అదొక్కటే. పొందువాని యోగ్యతను తూచి యిచ్చునది విధి కాదు, బేరము. నగలను చూచి మారిన మనస్సులే యిందుకు సాక్ష్యము. ఆచారమును తృణీకరించినవానికి ఆచారమేల యని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని శవ మేమియు కోరదు. కుళ్లువాసన నిండినది బ్రతికినవారి యిండ్లలోనే.

మద్రాసు సెన్సారువారు కలతలు పుట్టునని ఈ చిత్రమును మొదట నిషేధించిరి. పిదప ఆ నిషేధము తొలగి, ఉత్తమ చిత్రముగా జాతీయ బహుమానము వచ్చెను. కలత బొమ్మలో నున్నదా, బొమ్మ చూపిన వీధిలో నున్నదా?

చంద్రి వేషము ధరించినవారు రెడ్డిగారి సహధర్మచారిణి స్నేహలతాదేవి. అత్యవసర పరిస్థితి కాలమున, 1976లో, ఆమెను బెంగుళూరు చెరసాలలో విచారణ లేకయే నిర్బంధించిరి. ఆమెది ఉబ్బసరోగము. ప్రభుత్వమును ధిక్కరించినంతమాత్రమున ఖైదీకి వైద్యము చేయవలసిన విధి తగ్గునా? వ్యాధి ముదిరిన పిమ్మట 1977 జనవరి 15న పెరోలుపై విడిచిరి. 20న ఆమె కన్నుమూసిరి. చెరలో నున్నన్నాళ్లును తోడి స్త్రీఖైదీల తిండికొరకు, వారిని కొట్టకుండుటకొరకు, ఆమె అధికారులతో వాదించుచునే యుండిరి.